పీ-40 ఇంజన్ 5 నిమిషాలకే ఎందుకు చచ్చిపోవాలి? (ఫ్లైట్ సిమ్యులేటర్లలో ఇంజన్ డ్యామేజ్)

నల్లమల_పైలట్:

అందరికీ నమస్తే. నేను ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ అనే రెండో ప్రపంచ యుద్ధపు విమానాల గేములో ఎక్కువగా పీ-40ఈ అనే అమెరికన్ ఫైటర్‌ని నడుపుతాను. చాలామంది దాని జోలికి పోరు, నాకు మాత్రం చాలా ఇష్టం. కానీ దాని ఇంజన్‌ని గేములో తయారు చేసిన తీరు చూస్తే ఒళ్లు మండుతోంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

గేములో ఆ అలిసన్ ఇంజన్‌కి మూడు మోడ్‌లు ఉన్నాయి. 2600 ఆర్‌పీఎమ్, 37.2 అంగుళాల మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లలోకి వెళ్లే గాలి ఒత్తిడి, పాదరసం అంగుళాల్లో) దగ్గర ఎంతసేపైనా తిరుగుతుంది. 3000 ఆర్‌పీఎమ్, 42 అంగుళాలు పెడితే 5 నిమిషాలు. టేకాఫ్ పవర్ 45.5 అంగుళాలు పెడితే 2 నిమిషాలే. అది దాటితే స్క్రీన్ మీద టైమ్ అయిపోయిందని మెసేజ్ వస్తుంది, ఆ తర్వాత కాసేపటికి ఇంజన్ పోతుంది. రేడియేటర్ పూర్తిగా తెరిచి ఉన్నా, నీళ్ల టెంపరేచర్, ఆయిల్ టెంపరేచర్ మామూలుగానే ఉన్నా పోతుంది.

మొన్న కుబాన్ మ్యాప్ మీద ఒక మెసర్‌ష్మిట్ 109 జీ-2 (జర్మన్ ఫైటర్) నా వెనక పడింది. దాని పోరాట మోడ్ 1.3 అటా (అదే ఒత్తిడికి జర్మన్ల కొలత), 30 నిమిషాలు వాడుకోవచ్చు. అంటే వాడికి గడియారం గొడవే లేదు. మా పక్షాన ఉన్న సోవియట్ ఫైటర్ యాక్-1 అయితే మరీ హాయి, 2700 ఆర్‌పీఎమ్, 1050 మిల్లీమీటర్లు పెట్టి థ్రాటిల్ చివరిదాకా తోసేసి మర్చిపోవచ్చు. నేను మాత్రం ఒక కంటితో శత్రువుని, ఇంకో కంటితో స్టాప్‌వాచ్‌ని చూసుకుంటూ తిరగాలి. కాసేపు పవర్ తగ్గిస్తే టైమ్ మళ్లీ నిండుతుంది కాబట్టి, 5 నిమిషాలకి కొంచెం ముందు తగ్గించడం, మళ్లీ పెంచడం, ఇదే ఆట అయిపోయింది.

నా ప్రశ్నలు రెండు. నిజంగా అలిసన్ ఇంజన్ 5 నిమిషాలకి చచ్చేదా? చావకపోతే, గేములో దీన్ని ఎలా తయారు చేసి ఉండాల్సింది? డెవలపర్లకి ఒక విన్నపం రాద్దామనుకుంటున్నాను, గట్టి కారణాలు కావాలి.

సింధూర_స్పిట్:

అన్నా, నేను వార్ థండర్ ఎక్కువ ఆడతాను. మాకు టైమర్ బదులు వేడి ఉంటుంది. డబ్ల్యూఈపీ (యుద్ధ అత్యవసర పవర్) పెడితే టెంపరేచర్ ఎక్కుతుంది, తగ్గిస్తే దిగుతుంది. ఆ వరకు నాకు నచ్చింది. నచ్చనిది తూటా తగిలిన తర్వాత జరిగేది. ఇంజన్ పోయిందనగానే ప్రొపెల్లర్ ఒక్క క్షణంలో బిగుసుకుని ఆగిపోవడం చాలా గేముల్లో చూశాను. గంటకి 400 కిలోమీటర్ల వేగంతో పోతున్న విమానం అది. ఇంజన్‌లో నిప్పు ఆగిపోయినా గాలి తోస్తుంటే ప్రొపెల్లర్ తిరుగుతూనే ఉండాలి. లోపల ఏదో పట్టేస్తే తప్ప ఆగకూడదు. నీ విన్నపంలో ఇది కూడా చేర్చు. ఇంజన్ ఆరిపోవడం వేరు, పట్టేయడం వేరు. గేములు రెండింటినీ ఒకే బొమ్మతో చూపిస్తున్నాయి.

ఆటోనగర్_బాబాయ్:

అబ్బాయ్, నీ కోపం న్యాయమైనదే. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు దించి బాగుచేస్తుంటాను. సాయంత్రాలు మా అబ్బాయి జాయ్‌స్టిక్‌తో నేను కూడా ఎగురుతాను. ఇంజన్ ఎలా చస్తుందో రోజూ చేత్తో పట్టుకుని చూస్తాను కాబట్టి ఈ విషయంలో కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నీ అలిసన్ సంగతి. మాన్యువల్‌లో 5 నిమిషాలు అని ఉండటం నిజం. కానీ అది ఇంజన్ చచ్చే టైమ్ కాదు. ఇంజన్ ఓవర్‌హాల్ దాకా నమ్మకంగా నడవాలంటే ఇంతకు మించి ఒత్తకండి అని చెప్పే హద్దు. యుద్ధంలో ఆ హద్దుని ఎలా దాటారో చెప్పే కాగితం ఉంది. 1942 డిసెంబర్‌లో అలిసన్ కంపెనీయే అమెరికన్ సైన్యానికి ఒక లేఖ రాసింది. ఆస్ట్రేలియాలో, మధ్యప్రాచ్యంలో పైలట్లు ఈ ఇంజన్లని 66, 70 అంగుళాల దాకా తోసి నడుపుతున్నట్టు మాకు తెలిసిందని అందులో ఉంది. నీ పీ-40ఈలో ఉండే రకానికి యుద్ధ అత్యవసర పరిమితి అప్పటికి 56 అంగుళాలు. నీ గేము 45.5 దగ్గరే 2 నిమిషాల గడువు పెట్టింది. తేడా ఎంతుందో చూడు.

ఆ లేఖలో నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటి ఉంది. కంపెనీ భయం గడియారం గురించి కాదు. పీ-40ఈ ఇంజన్‌లో సూపర్‌చార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాన్) గేర్ నిష్పత్తి 8.8. తర్వాత వచ్చిన రకాల్లో అది 9.6. సూపర్‌చార్జర్ ఇంకా వేగంగా తిరిగితే గాలి ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. వేడెక్కిన మిశ్రమం సిలిండర్‌లో స్పార్క్ వల్ల వరుసగా మండకుండా ఒక్కసారిగా పేలుతుంది. అదే డిటొనేషన్. పాత ఇంజన్ తట్టుకున్న ప్రెషర్‌ని కొత్త ఇంజన్‌లో పెడితే పిస్టన్ పోతుందని వాళ్ల హెచ్చరిక. అంటే ఇంజన్‌ని చంపేది లోపలికి వెళ్లే గాలి వేడి, పెట్రోల్ ఆక్టేన్, మిశ్రమం ఎంత చిక్కగా ఉంది అన్నవి. నిమిషాలు కావు. (మా లారీలన్నీ డీజిల్, అక్కడ ఈ డిటొనేషన్ లెక్క వేరు. కానీ పెట్రోల్ ఇంజన్‌లో దీనివల్ల పిస్టన్ నెత్తికి చిల్లు పడటం నేను చూశాను.)

ఇంగ్లండ్‌లోనూ ఇదే కథ. 1940లో 100 ఆక్టేన్ పెట్రోల్ వచ్చాక స్పిట్‌ఫైర్, హరికేన్ ఫైటర్లలో ఉండే మెర్లిన్ ఇంజన్‌కి అత్యవసరంలో +12 పౌండ్ల బూస్ట్ (మానిఫోల్డ్ ప్రెషర్‌కి బ్రిటిష్ కొలత) 5 నిమిషాలు వాడుకోవచ్చన్నారు. వాడితే దిగాక లాగ్ బుక్‌లో రాయాలి. ఆగస్టు 1న ఫైటర్ కమాండ్ అధిపతి డౌడింగ్ స్క్వాడ్రన్లకి ఒక నోట్ పంపాడు, కొందరు అవసరం లేకపోయినా ప్రతిసారీ దాన్ని లాగుతున్నారని హెచ్చరిస్తూ. 6వ నిమిషంలో ఇంజన్ ఆగిపోయేదే అయితే అలా హెచ్చరించాల్సిన అవసరం ఉండేది కాదు కదా. లాగినా ఇంజన్ నడుస్తోంది కాబట్టే కుర్రాళ్లు లాగారు. ఆ భారం తర్వాత మెకానిక్ మీద, ఆ విమానాన్ని ఇంకో రోజు ఎక్కే పైలట్ మీద పడింది.

ఇప్పుడు జర్మన్ వైపు చూడు. 109 జీ-2లో ఉండే డీబీ 605 ఇంజన్‌కి 1.42 అటా అనే అత్యవసర పవర్ కాగితం మీద ఉంది. కానీ 1943 దాకా దాన్ని వాడనివ్వలేదు. ఇంజన్లు నిజంగా దెబ్బతింటున్నాయి కాబట్టి ఆపారు. 1.3 అటాకి మాత్రం 30 నిమిషాలు ఇచ్చారు. అంటే ఒక దేశం మాన్యువల్‌లో ఉన్న అంకె ఇంజన్ ఆయుష్షు గురించి, ఇంకో దేశం మాన్యువల్‌లో ఉన్న అంకె నిజంగా కాలిపోయిన వాల్వుల గురించి. గేము ఈ రెండింటినీ ఒకే ఫ్యూజులా వాడుకుంది. జాగ్రత్తగా రాసుకున్న వాళ్ల విమానానికి శిక్ష పడింది, అంతే. నీకు జరుగుతున్న అన్యాయానికి మూలం ఇదే అని నా నమ్మకం.

ఇక ఇంజన్ ఎలా చస్తుంది. ఇది గేము తయారుచేసేవాళ్లు మెకానిక్ పక్కన కూర్చుని చూడాల్సిన విషయం.

రేడియేటర్‌కి చిల్లు పడిందనుకో. నీళ్లు పోయాయి. గేములో టెంపరేచర్ ముల్లు నెమ్మదిగా ఎర్రగీత దాకా ఎక్కుతుంది, ఆ తర్వాత ఇంజన్ పోతుంది. షెడ్డుకి వచ్చిన బండ్లలో నేను చూసింది వేరు. నీళ్లు పూర్తిగా పోయాక సెన్సర్ చుట్టూ నీళ్లే ఉండవు, ఆవిరీ గాలీ ఉంటాయి. ముల్లు పైకెక్కినట్టే ఎక్కి మళ్లీ కిందికి పడుతుంది. డ్రైవర్ తగ్గిందిలే అనుకుని తోలతాడు. కాసేపటికి హెడ్ వంగిపోతుంది, పిస్టన్ వేడికి సాగి లైనర్‌ని గీకుతుంది, పవర్ తగ్గుతూ తగ్గుతూ చివరికి పట్టేస్తుంది. థ్రాటిల్ తగ్గించి మెల్లగా పోతే ఎక్కువ దూరం వస్తుంది, ఒత్తితే తొందరగా పోతుంది. ఈ తేడా గేములో ఉండాలి. ఇంటికి రావాలా, ఇంకొకణ్ని కొట్టాలా అనే నిర్ణయానికి అప్పుడే విలువ.

ఆయిల్ పోతే కథ వేరు. ముందు ప్రెషర్ పడిపోతుంది. కనెక్టింగ్ రాడ్ కింద ఉండే షెల్ బేరింగులు ముందుగా పోతాయి. పెద్ద చప్పుడు మొదలవుతుంది, వణుకు మొదలవుతుంది. అప్పుడు కూడా ఆపకపోతే రాడ్ బ్లాక్‌ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఇందులో ప్రతి మెట్టుకీ పైలట్‌కి తెలిసే గుర్తు ఒకటి ఉంది. చప్పుడు, వణుకు, పొగ రంగు, గాజు మీద ఆయిల్. ఒక్క మెసేజ్‌తో తేల్చేసేది కాదు.

రేడియల్ ఇంజన్లకి (సిలిండర్లు చక్రంలా చుట్టూ ఉండి గాలితో చల్లబడేవి) మరీ అన్యాయం జరుగుతోంది. పీ-47 అనే అమెరికన్ ఫైటర్‌లో ఉండే ఆర్-2800లో 18 సిలిండర్లు రెండు వరుసల్లో ఉంటాయి. దేని సిలిండర్ దానిదే, నీళ్ల గొట్టాలు లేవు. ఒకటి రెండు సిలిండర్లు పోయినా, ఆయిల్ ఉన్నంతసేపు వణుకుతూ మిగతావి లాగుతాయి. 1943 జూన్ 26న రాబర్ట్ జాన్సన్ అనే అమెరికన్ పైలట్ పీ-47ని శత్రువులు జల్లెడ చేశారు. కానపీ తెరుచుకోక దూకలేకపోయాడు. ఇంగ్లిష్ చానల్ దాటి మాన్‌స్టన్‌లో దిగాడు. ఆ ఇంజన్ అతన్ని ఇంటికి చేర్చింది. అదే విమానం గేములో 64 అంగుళాల దగ్గర 5 నిమిషాలు దాటితే, ఒక్క తూటా తగలకుండానే ఆగిపోతుంది. నాకు బాధ కలిగేది అక్కడే.

ఇంకో వైపు, నిజంగా జరిగిన ఇంజన్ చావులు గేముల్లో లేవు. 1942 సెప్టెంబర్ 30న ఈజిప్టులో జర్మన్ పైలట్ మార్సెయ్ కొత్త 109 జీ-2లో వస్తుండగా, ఎవరూ కొట్టకుండానే ఇంజన్ పాడై కాక్‌పిట్ నిండా పొగ కమ్మింది. దూకినప్పుడు తోకకి తగిలి చనిపోయాడు. బ్రిటిష్ టైఫూన్ విమానంలోని నేపియర్ సేబర్ ఇంజన్ మొదట్లో స్లీవ్ వాల్వుల వల్ల ఎంతమందిని ఇబ్బంది పెట్టిందో తెలిసిందే. 1941లో జర్మన్ ఫైటర్ ఫోకే-వుల్ఫ్ 190 వచ్చిన కొత్తలో దాని బీఎమ్‌డబ్ల్యూ 801 వెనక వరుస సిలిండర్లు విపరీతంగా వేడెక్కేవి. ఇవన్నీ పైలట్ తప్పు కాదు, శత్రువు తూటా కాదు. తయారీలో, నిర్వహణలో వచ్చినవి. డీసీఎస్ అనే ఇంకో సిమ్యులేటర్‌లో యాదృచ్ఛిక వైఫల్యాల ఆప్షన్ ఉంది, అది మంచి పని.

కోడ్_కాపలా:

బాబాయ్ గారూ, మీరు రాసింది మొత్తం రెండుసార్లు చదివాను. నేను హైదరాబాద్‌లో గేమ్ ప్రోగ్రామింగ్ చేస్తాను. (విమానాల గేములు కావు, మొబైల్ గేములు.) డెవలపర్ల వైపు నుంచి రెండు మాటలు చెప్పాలి.

టైమర్ ఎందుకు వస్తుందంటే, అది నిరూపించుకోగల అంకె. మాన్యువల్‌లో 5 నిమిషాలు అని ఉంది, చూపించవచ్చు. "ఈ ఇంజన్ 50 అంగుళాల దగ్గర సగటున ఎంతసేపు ఉంటుంది" అంటే ఎవరూ ఒక్క అంకె చెప్పలేరు. ఏ అంకె పెట్టినా ఒక పక్షం వాళ్లు గొడవకి వస్తారు. కాగితం చూపిస్తే గొడవ తగ్గుతుంది. ఈ ఇబ్బంది నాకు అర్థమవుతుంది.

రెండోది ఇంకా పెద్దది. ఆన్‌లైన్‌లో ఇంజన్ ఆయుష్షు అంటే ఒక్క సార్టీ (ఎగిరి దిగే ఒక్క విడత). దిగగానే కొత్త విమానం, కొత్త ఇంజన్. డౌడింగ్ పైలట్లు చెల్లించిన ఖరీదు రేపటిది. మన ఆటగాడికి రేపు లేదు. టైమర్ పూర్తిగా తీసేస్తే అందరూ థ్రాటిల్ చివరికి తోసి వదిలేస్తారు. అప్పుడు అది కూడా అబద్ధమే అవుతుంది, ఇంకో వైపు అబద్ధం.

కానీ లెక్క కష్టమని మాత్రం నేను ఒప్పుకోను. ఒక్కో ఇంజన్‌కి దాచిపెట్టిన అరుగుదల విలువ ఒకటి చాలు. ప్రతి క్షణం మానిఫోల్డ్ ప్రెషర్, ఆర్‌పీఎమ్, లోపలికి వెళ్లే గాలి టెంపరేచర్, ఆయిల్ టెంపరేచర్ చూసి ఆ విలువని పెంచుతూ పోవాలి. హద్దు లోపల ఉంటే పెరుగుదల దాదాపు సున్నా, హద్దు దాటేకొద్దీ నిటారుగా పెరగాలి. విమానం పుట్టినప్పుడే ఇంజన్ దృఢత్వంలో చిన్న తేడా చీటీ తీసినట్టు ఇచ్చేయాలి, అది ఆటగాడికి కనిపించకూడదు. ఇంజన్ పోవడం కూడా మెట్లు మెట్లుగా: ముందు ఒక సిలిండర్ తప్పడం, తర్వాత పవర్ తగ్గడం, తర్వాత ఆయిల్ ప్రెషర్. సర్వర్ మీద భారం కొద్దిపాటిదే, కొన్ని సంఖ్యలు అంతే.

నల్లమల_పైలట్:

బాబాయ్ గారూ, కోడ్_కాపలా గారూ, ఇంత వివరం వస్తుందనుకోలేదు. ఒక్క అనుమానం. దాచిపెట్టిన అరుగుదల అంటే నాకు టెన్షన్ ఇంకా ఎక్కువ కాదా? ఇప్పుడు కనీసం 5 నిమిషాలు అని తెలుసు. అప్పుడు ఏ క్షణాన పోతుందో తెలియదు కదా.

ఆటోనగర్_బాబాయ్:

టెన్షన్ ఉండాల్సిందే అబ్బాయ్. కానీ ఆ టెన్షన్ గడియారం ముల్లు మీద కాదు, ఇంజన్ మీద ఉండాలి. 50 అంగుళాల దగ్గర చప్పుడు మారిందా, వణుకు వచ్చిందా, ఆయిల్ ముల్లు కదిలిందా అని నువ్వు వినాలి, చూడాలి. పైలట్లు అదే చేశారు. ఏమీ చెప్పకుండా చచ్చే ఇంజన్ నిజంగా తక్కువ. ఎప్పుడో ఒకసారి మార్సెయ్‌కి అయినట్టు అవుతుంది, ఎక్కువసార్లు ముందే చెబుతుంది. ఆ చెప్పడాన్ని గేము నీకు వినిపించాలి. అది లేకుండా అరుగుదలని మాత్రం దాస్తే నువ్వు అన్నది నిజమే, ఆ పద్ధతి వద్దు.

కోడ్_కాపలా గారు చెప్పిన రేపటి సంగతి ముఖ్యమైనది. కెరీర్ మోడ్‌లో సులువుగా చేయవచ్చు. నీ విమానానికి నంబర్ ఉంటుంది, దాని ఇంజన్‌కి గంటలు ఉంటాయి. నిన్న దాన్ని 60 అంగుళాల దగ్గర చావగొట్టావా, ఇవాళ అది పవర్ తక్కువ ఇస్తుంది, లేదా రెండు రోజులు షెడ్డులో ఉంటుంది, నువ్వు పాత విమానం ఎక్కాలి. ఆన్‌లైన్ సర్వర్లలో అయితే స్క్వాడ్రన్‌కి ఇన్ని ఇంజన్లు అని లెక్క పెట్టి, ఒత్తి పాడుచేసినవి ఆ లెక్కలోంచి తీసేస్తే చాలు. అప్పుడు థ్రాటిల్ చివరికి తోసేవాణ్ని పక్కవాళ్లే ఆపుతారు.

ఇంకొకటి చేర్చు. తక్కువ పవర్ కూడా ఇంజన్‌కి మంచిది కాదు. ఇంగ్లండ్ నుంచి జర్మనీ దాకా గంటల తరబడి తక్కువ ఆర్‌పీఎమ్ మీద పోయే అమెరికన్ పీ-51 ఫైటర్లలో, పెట్రోల్‌లోని సీసం స్పార్క్ ప్లగ్గుల మీద పేరుకునేది. మధ్యమధ్యలో కాసేపు పవర్ పెంచి ఆ మసిని కాల్చేవాళ్లు. నేను ఆడిన గేముల్లో మెల్లగా పోయేవాడికి ఎప్పుడూ లాభమే.

సింధూర_స్పిట్:

బాబాయ్, నీటి ఇంజెక్షన్ సంగతి? పీ-47లో నీళ్లు అయిపోతే ఏమవ్వాలి?

ఆటోనగర్_బాబాయ్:

మంచి ప్రశ్న అమ్మా. నీళ్లు పోసేది మిశ్రమాన్ని చల్లబరిచి డిటొనేషన్ రాకుండా చూడటానికి. ట్యాంకు ఖాళీ అయ్యాక కూడా అదే 64 అంగుళాలు పట్టుకుంటే అప్పుడు పిస్టన్లు పోవడం న్యాయం. జర్మన్ల ఎమ్‌డబ్ల్యూ 50 (నీళ్లూ మెథనాలూ కలిపి పోసే పద్ధతి)కీ ఇదే సూత్రం. ట్యాంకులో నీళ్లు ఉండగా 5వ నిమిషం దాటిందని చంపడం, ఖాళీ ట్యాంకుతో 3వ నిమిషంలో వదిలేయడం, రెండూ తలకిందులు.

నల్లమల, నీ విన్నపంలో అన్నీ కలిపి రాస్తే ఎవరూ చదవరు. పీ-40 ఒక్కదాన్నే తీసుకో. 37.2, 42, 45.5 అంకెలు ఒక పక్క, 56 అంగుళాల పరిమితి, 1942 లేఖ ఇంకో పక్క పెట్టు. అడగాల్సింది ఒక్కటే: టెంపరేచర్లు హద్దులో ఉండి, డిటొనేషన్ లేనప్పుడు టైమ్ దాటినంత మాత్రాన ఇంజన్ పోకూడదు. ప్రొపెల్లర్ బిగుసుకోవడం గురించి సింధూర విడిగా రాయాలి, అది వేరే గేము, వేరే వాళ్లు చూస్తారు. రాశాక ఇక్కడ పెట్టండి, పంపే ముందు అంకెలు నేను ఒకసారి సరిచూస్తాను.